బండి లాగకపోతే డ్రైవరు కూలి కోస్తారా?

ఉభాల రోజుల్లో రావివలస, టెక్కలి, నందిగాం, పలాస పొలాల్లో ఏ గట్టు మీద నిలబడినా ఒక మాట వినిపిస్తుంది. "ట్రాక్టరు లాగడం లేదు." ఇది యంత్రానికి సంబంధించిన మాట అనుకుని మనం పక్కకు తప్పుకుంటాం. మెకానిక్కు చూసుకుంటాడు, కామందు చూసుకుంటాడు, మనకేటి అనుకుంటాం. కానీ ఆ ఒక్క మాట ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో లెక్క వేసి చూడండి.

మొదటివాడు కౌలు రైతు. అతను ట్రాక్టరును గంటల లెక్కన మాట్లాడుకుంటాడు. ఎకరం దమ్ము గంటన్నరలో కావలసింది, బండిలో సత్తువ లేక రెండున్నర గంటలు పట్టిందనుకోండి. గంటకు వెయ్యి రూపాయలు అనుకుంటే ఆ అదనపు వెయ్యి కౌలు రైతు చేతి నుంచే పోయింది. జబ్బు యజమాని ఇంజనుది, మందు ఖర్చు కౌలు రైతుది! రెండవవారు ఉభాలు గుత్తకు తీసుకున్న ఆడకూలీలు. పొద్దున్న ఏడింటికి దిగవలసిన మడిలో పదకొండింటికి దిగుతారు. గుత్త ఎకరానికి కాబట్టి గట్టు మీద కూర్చున్న ఆ నాలుగు గంటలకు ఎవరూ కూలి కట్టరు. ఎండ మాత్రం నెత్తిన పడుతుంది. మూడవవాడు డ్రైవరు. "డీజిలు తెగ తాగించావు, బండిని పాడు చేశావు" అని కూలిలో కోత. నాలుగవవాడు అప్పు చేసి పాత ట్రాక్టరు కొనుక్కున్న చిన్న రైతు. "ఇంజను పోయింది బాబూ, దింపేయాలి" అన్న ఒక్క మాటతో మళ్ళీ వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కుతాడు.

కాబట్టి పాత బండి ఎందుకు లాగడం లేదో తెలుసుకోవడం మెకానిక్కు ఒక్కడి పని కాదు. ఇది కూలి రేట్ల ప్రశ్న, కౌలు రైతు ఖర్చుల ప్రశ్న. తెలివి ఒకరి గుప్పిట్లో వున్నంతకాలం ఆ గుప్పిట్లోకి మన డబ్బు పోతూనే వుంటుంది. నాగలి కర్రు అరిగితే, కాడి పట్టెడ తెగితే ఎక్కడ తప్పో మన తాతలకు తెలుసు. ట్రాక్టరు వచ్చాక ఆ తెలివి మన చేతి నుంచి జారిపోయింది. దాన్ని తిరిగి తెచ్చుకోవాలి.

సత్తువ అంటే ఏమిటి?

75 కిలోల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపే శక్తిని ఒక హార్స్‌పవర్ అంటారు. రోజంతా ఒళ్ళు వంచి పనిచేసే మనిషి శక్తి అందులో పదో వంతుకు అటూ ఇటూగా వుంటుంది. అంటే 35 హార్స్‌పవర్ ట్రాక్టరు వరుసగా నిలబడిన 350 మంది కూలీలతో సమానం. అందులో మూడో వంతు పోయిందంటే వంద మందికి పైగా పని మానేసినట్టే. ఆ వంద మంది ఎక్కడ ఆగిపోయారో వెతకడమే మన పని.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు వుండదు. పిస్టన్ గాలిని పదహారు, పదిహేడు రెట్లు కుదిస్తుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు గొట్టం వేడెక్కుతుంది కదా, అలాగే ఆ గాలి మండిపోయేంత వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణాన నాజిల్ డీజిలును పొగమంచులా చిమ్ముతుంది, భగ్గున అంటుకుంటుంది. కనుక ఇంజనుకు కావలసినవి మూడే: గాలి, డీజిలు, బిగువు. సత్తువ తగ్గిందంటే ఈ మూడింటిలో ఒకటి తగ్గింది. లేదా వున్న సత్తువను మధ్యలో ఎవరో తినేస్తున్నారు.

ఈ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ జర్మనీ దేశస్థుడు. 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణంలో దాన్ని నడిపి చూపించాడు. పెద్ద ఆవిరి యంత్రాలు కొనగలిగిన ఫ్యాక్టరీ యజమానుల ముందు చేతివృత్తులవాళ్ళు నిలబడాలంటే చిన్న ఇంజను కావాలని ఆయన ఆశించాడు. కార్మికులు చందాలు వేసుకుని తమ ఫ్యాక్టరీలు తామే నడుపుకోవాలని 1903లో ఒక పుస్తకం కూడా రాశాడు. ఆ పుస్తకాన్ని లోకం పట్టించుకోలేదు. ఇంజను మాత్రం మోతుబరి షెడ్డులోకి చేరింది. యంత్రం ఎవరి చేతిలో వుంటే లాభం వాళ్ళదే అన్న సంగతి దాన్ని చేసినవాడి కథలోనే వుంది.

ముందు ఇంజనును అనుమానించకండి

బండి లాగకపోతే తప్పు ఇంజనుదే అని తేల్చేయడం మొదటి పొరపాటు. సాఫు నేల మీద బండిని న్యూట్రల్‌లో పెట్టి నలుగురు తోసి చూడండి. బరువుగా, పట్టినట్టు కదిలితే బ్రేకులు వదలడం లేదన్నమాట. కొంత దూరం నడిపాక చక్రం డ్రమ్ము దగ్గర చెయ్యి పెడితే ఏ వైపు కాలుతోందో తెలుస్తుంది. బ్రేకులు పట్టి వుంటే డీజిలు అంతా వాటిని అరగదీయడానికే పోతుంది.

ఇంజను మోత పెరుగుతోంది, బండి వేగం మాత్రం పెరగడం లేదంటే క్లచ్ జారుతోంది. పెడలుకు వుండవలసిన వదులు లేకపోయినా జారుతుంది. డ్రైవరు కాలు ఎప్పుడూ పెడలు మీదే వుంచినా జారుతుంది. ఇంజను బాగానే వుండి చక్రాలు ఒక్కచోటే తిరుగుతుంటే టైరు గళ్ళు అరిగిపోయాయి. ఉద్దానం ఇసక దారుల్లో కొబ్బరి లోడు, జీడిపిక్కల బస్తాలు వేసుకుని వచ్చే ట్రాక్టర్లలో ఈ జబ్బు తరచూ కనిపిస్తుంది. నిందపడేది ఇంజను మీద.

ఆ తరువాత యాక్సిలేటరు చూడండి. ఒకరు పెడలు పూర్తిగా తొక్కి పట్టాలి, ఇంకొకరు పంపు దగ్గర నిలబడి దాని లివరు చివరి ఆపు వరకు వెళ్తోందో లేదో చూడాలి. పాత బండ్లలో మధ్య కడ్డీల బంతులు అరిగి, పెడలు అడుగంటినా పంపు లివరు ముప్పాతిక దగ్గరే ఆగిపోతుంది. ఒక నట్టు బిగిస్తే పోయే జబ్బుకు ఇంజను దింపించుకున్నవాళ్ళు వున్నారు.

గాలి అందుతోందా?

ఒక లీటరు డీజిలు పూర్తిగా కాలాలంటే సుమారు పది వేల లీటర్ల గాలి కావాలి. ఆ గాలంతా ఒక్క ఫిల్టరు గుండా రావాలి. మన వైపు పాత ట్రాక్టర్లలో ఎక్కువగా వున్నది అడుగున ఆయిలు గిన్నె వుండే ఫిల్టరు. ఆ గిన్నెలో ఆయిలు గుర్తు వరకే వుండాలి. తక్కువైతే దుమ్ము లోపలికి పోతుంది, ఎక్కువైతే గాలి దారి మూసుకుంటుంది. కళ్ళాల రోజుల్లో నూర్పిడి మిషను నడిపితే ఒక్కరోజులోనే గిన్నె బురద అవుతుంది. ఆ రోజుల్లో రోజూ విప్పి కడగాలి. పది నిమిషాల పని.

ఇక్కడ ఇంకో సంగతి వుంది. ఫిల్టరు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం చీలినా, క్లిప్పు వదులైనా సత్తువ వెంటనే తగ్గదు. అందుకే ఎవరూ గమనించరు. కానీ సన్నటి ఇసక ఆ చీలికలోంచి లోపలికి పోయి లైనరును, రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. కొద్ది నెలల్లో బిగువు పోతుంది. అయిదు పది రూపాయల క్లిప్పు దగ్గర మొదలైన జబ్బు వేల రూపాయల బోరింగు పనికి దారితీస్తుంది. ఉద్దానం ఇసక నేలల్లో తిరిగే బండికి ఈ గొట్టమే ప్రాణం.

పీల్చిన గాలి బయటికి కూడా పోవాలి. సైలెన్సరు మసితో పూడిపోయినా, చాలాకాలం షెడ్డులో వున్న బండి గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టినా ఇంజను ఊపిరాడక కొట్టుకుంటుంది.

డీజిలు అందుతోందా?

బండి కొంతసేపు బాగా లాగి, తరువాత నీరసించి, ఆపి ఉంచితే మళ్ళీ లాగుతోందా? అయితే ముందు డీజిలు ట్యాంకు మూత వదులు చేసి నడిపి చూడండి. మూతకు గాలి పోవడానికి సన్నటి కన్నం వుంటుంది. అది దుమ్ముతో మూసుకుంటే ట్యాంకులోంచి డీజిలు దిగదు. మూత వదులు చేయగానే లాగితే జబ్బు దొరికినట్టే. సూది చాలు, సుత్తి అక్కరలేదు.

తరువాత డీజిలు ఫిల్టర్లు, అడుగున నీరు, మడ్డి చేరే గిన్నె. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చేసినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్లు, ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడుకోవలసి వచ్చింది. అలాంటి రోజుల్లో డబ్బాల్లో, పీపాల్లో నిలవ పెట్టిన డీజిలులో వాననీరు కలుస్తుంది. నీరు డీజిలు కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరి ముందు ఫిల్టరును, తరువాత పంపును, నాజిళ్ళను పట్టి తుప్పు తినిపిస్తుంది. ఒక సీసాలో డీజిలు పట్టి కొంతసేపు కదపకుండా వుంచితే అడుగున గీత కట్టిన నీరు కంటికి కనిపిస్తుంది. వంశధార ఎడమ కాలువ శివారులో ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడుకునే రైతులు ఈ సీసా పరీక్ష తప్పక చేయాలి.

పైపుల్లో గాలి చేరినా ఇంజను తడబడుతుంది. పంపు దగ్గర మర వదులు చేసి, బుడగలు ఆగి డీజిలు ధారగా వచ్చేదాకా చేతి పంపు కొట్టి మళ్ళీ బిగించాలి. ఇది ప్రతి డ్రైవరుకూ వచ్చి తీరవలసిన పని.

పొగ చెప్పే మాట

ఇంజనుకు నోరు లేదు గాని పొగ వుంది. బరువు మీద నల్లపొగ వస్తూ లాగకపోతే గాలి చాలడం లేదు, లేదా నాజిల్ చిమ్మకుండా కారుస్తోంది, లేదా మోయలేని గేరులో, మోయలేని లోతులో దున్నిస్తున్నారు. పొగ పెద్దగా లేకుండానే నీరసిస్తే డీజిలు అందడం లేదు. నీలంపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతోంది. ఉదయం చలికి కాసేపు తెల్లపొగ వస్తే భయం లేదు. వేడెక్కినా తెల్లపొగ ఆగకపోతే ఒక సిలిండరులో డీజిలు కాలడం లేదు, లేదా హెడ్ ప్యాకింగు పోయి నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. అప్పుడు రేడియేటరులో నీరు తగ్గుతుంది, బుడగలు వస్తాయి. రేడియేటరు మూత మాత్రం ఇంజను చల్లారాకే తీయాలి.

మూడు సిలిండర్లలో ఏది పని మానేసిందో మెకానిక్కు ఇలా పట్టుకుంటాడు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేస్తాడు. మంచి సిలిండరుది వదిలితే ఇంజను తడబడుతుంది. ఏది వదిలినప్పుడు తేడా రాలేదో అదే చచ్చిన సిలిండరు. అయితే తమ్ముళ్ళారా, ఇది చూసి నేర్చుకోండి గాని ఒంటరిగా ప్రయోగాలు చేయకండి. ఆ పైపులో డీజిలు చదరపు సెంటీమీటరుకు వంద కిలోలు దాటిన ఒత్తిడితో వుంటుంది. సన్నటి ధార చర్మాన్ని సూదిలా దూసుకుపోతుంది. గాయం చిన్నగా కనిపించినా వేలో, చెయ్యో తీసేయవలసి వస్తుంది. అలా తగిలితే కట్టు కట్టి వదిలేయకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

సీలు తెంపేవాళ్ళతో జాగ్రత్త

ఈ పరీక్షలేవీ చేయకుండా నేరుగా పంపు మీద పడేవాళ్ళు వున్నారు. మన వైపు డీజిలు పంపును ఇప్పటికీ "మైకో పంపు" అనే అంటారు. 1951లో బెంగళూరులో పెట్టిన మైకో కంపెనీ పేరు అది. 2008లో దానికి బాష్ అని పేరు మారినా ఊళ్ళల్లో పాత పేరే నిలిచింది. ఆ పంపుకు ఒక సీలు వుంటుంది. దాన్ని తెంపి మర తిప్పితే ఎక్కువ డీజిలు పోతుంది. బండి రెండు రోజులు ఎగిరి దూకుతుంది. కామందు సంతోషిస్తాడు. తరువాత నల్లపొగ, వేడి, పిస్టన్ కాలడం. ఆకలితో పడిపోయినవాడికి సారా పోసి లేపడం లాంటి వైద్యం ఇది. పంపు పని మిషను మీద పెట్టి కొలిచే షాపులోనే జరగాలి, అదీ గాలి, ఫిల్టర్లు, నాజిళ్ళు, టాపెట్లు చూశాకే జరగాలి.

అన్నీ బాగున్నాయి, అయినా లాగడం లేదంటే అప్పుడు బిగువు చూడాలి. పొద్దున్నే ఎంత తిప్పినా అంటుకోకపోవడం, ఆయిలు తరచూ పోయవలసి రావడం, ఆయిలు మూత తీస్తే బుస్సుమని ఆవిరి తన్నడం బిగువు పోయిన గుర్తులు. అప్పుడు మాత్రమే ఇంజను దింపే మాట ఎత్తాలి. ఎత్తేముందు కంప్రెషన్ గేజి పెట్టి సిలిండరు వారీగా అంకెలు చూపించమనాలి. అంకె చూపించని వైద్యుడికి డబ్బు కట్టకండి.

కోత పెట్టే హక్కు ఎక్కడిది?

పైన చెప్పినవాటిలో డ్రైవరు తప్పు ఎంత, యజమాని తప్పు ఎంత? ఫిల్టరు కడగకపోవడం, నీళ్ళు చూసుకోకపోవడం డ్రైవరు తప్పు కావచ్చు. కానీ ఫిల్టరు కొనివ్వనిది ఎవరు? నాజిల్ మార్పించనిది ఎవరు? అరిగిన టైర్లతో ఇంకో పంట లాగించమన్నది ఎవరు? "ఎల్లకపోతే ఎల్లేదాకా తొక్కరా" అన్న యజమానే సాయంత్రం డీజిలు లెక్క చూసి కూలి కోస్తాడు. కంబారి చేతిలో చేటు జరిగితే ధాన్యం కొలతలో తగ్గించిన పాత రోజులకీ దీనికీ తేడా ఏమిటి?

నష్టం పేరుతో జీతంలో కోత పెట్టేముందు కార్మికుడికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని ఫ్యాక్టరీల కోసం 1936లో చేసిన వేతనాల చెల్లింపు చట్టంలోనే వుంది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్‌లోనూ ఆ సూత్రం వుంది. ఫ్యాక్టరీలో వర్తించే న్యాయం పొలంలో ఎందుకు వర్తించదు? కోత పెట్టాలంటే ముందు పరీక్ష జరగాలి. జబ్బు ఏమిటో నలుగురి ముందు తేలాలి. తేలకుండా కోసిన ప్రతి రూపాయీ తిరిగి ఇవ్వాలి.

పాత బండ్లను తుక్కు కింద వేయమని 2021లో కేంద్ర ప్రభుత్వం ఒక విధానం తెచ్చింది. పదిహేనేళ్ళు దాటిన వాహనాల రిజిస్ట్రేషను పొడిగింపు రుసుములు 2022 ఏప్రిల్ నుంచి పెంచింది. బ్రేకులు లేని, చట్రం పుచ్చిన బండి రోడ్డెక్కకూడదు, అందులో రెండో మాట లేదు. అందులో ఎక్కేది మన మనుషులే. పలాస ఆసుపత్రికి డయాలసిస్‌కు పోయే ఉద్దానం రోగి ఎక్కే ఆటో దారిలో ఆగిపోతే పోయేది ప్రాణం. కానీ ఫిల్టరు మారిస్తే బాగయ్యే బండిని తుక్కు అనడం, చిన్న రైతును కొత్త అప్పులోకి తోయడం వేరే సంగతి. ప్రభుత్వ రంగంలో 1971 నుంచి పింజోరులో ట్రాక్టర్లు చేసిన హెచ్.ఎం.టి. శాఖను 2016లో మూసివేయాలని నిర్ణయించినప్పుడు, ఆ బండ్లు కొన్న రైతులకు రేపు విడిభాగాలు ఎక్కడినుంచి వస్తాయని అడిగినవారెందరు? 2022లో యంత్ర సేవ పేరుతో రైతు గ్రూపులకు ట్రాక్టర్లు ఇచ్చారు. మంచిదే. ఆ ట్రాక్టర్లూ ఒకనాటికి పాతబడతాయి. యంత్రం ఇచ్చేటప్పుడే దాన్ని కనిపెట్టుకునే చేతుల సంగతి కూడా అడగాలి.

మనం చేయగలిగింది

వ్యవసాయ కార్మిక సంఘం శాఖలు కూలి రేట్ల మీటింగుతో పాటు ఈ పని కూడా భుజానికెత్తుకోవాలి. ఊరికి ఇద్దరు కుర్రాళ్ళు, కుదిరితే ఒక ఆడపిల్ల, ఈ పరీక్షలు నేర్చుకోవాలి. ఐ.టి.ఐ.లలో డీజిలు మెకానిక్కు కోర్సు వుంది. అక్కడ చదివిన మన పిల్లలు సెలవుల్లో ఊరికి వచ్చి నేర్పాలి. చందాలతో ఒక స్పానర్ల సెట్టు, టాపెట్ల వదులు కొలిచే గేజి, ఒక గాజు సీసా కొనుక్కుంటే చాలు. ప్రతి ట్రాక్టరుకూ ఒక నోటుబుక్కు వుండాలి. ఎన్ని గంటలు నడిచింది, ఎంత డీజిలు పోశారు, ఫిల్టరు ఎప్పుడు మార్చారు అన్నది డ్రైవరు తన చేత్తో రాసుకోవాలి. రేపు కామందు కోత మాట ఎత్తితే డ్రైవరుకు సాక్ష్యం ఆ పుస్తకమే.

కౌలు రైతులు దమ్ముకు గంటల లెక్క మాని ఎకరం లెక్క అడగాలి. అప్పుడు నీరసపు ఇంజను నష్టం దాని యజమానికే తగులుతుంది, బాగుచేయించే తొందర కూడా అతనికే పుడుతుంది. ఉభాల గుత్త మాట్లాడుకునేటప్పుడే, దమ్ము ఆలస్యమై కూలీలు కూర్చోవలసి వస్తే కూర్చున్న గంటలకు కూలి కట్టాలని షరతు పెట్టుకోవాలి. ఒక్క మేస్త్రీ అడిగితే "రేపటినుంచి రావద్దు" అంటారు. ఊరి మేస్త్రీలంతా ఒకే మాట మీద నిలబడితే ఉభాలు ఎవరు చేస్తారు?

ఉభాలకు ముందే, జ్యేష్ఠమాసం వానలు పడకముందే ప్రతి ఊళ్ళో ఒక ఆదివారం ట్రాక్టర్లన్నీ ఒకచోట నిలబెట్టి ఈ పరీక్షలు జరిపించండి. డ్రైవరు, యజమాని, కౌలు రైతు, ఉభాల మేస్త్రీ నలుగురూ దగ్గర వుండాలి. ఏ బండి జబ్బు ఏమిటో ఆ రోజే పుస్తకంలో ఎక్కాలి. ఆ తరువాత ఏ కామందు డ్రైవరు కూలి కోస్తానన్నా, ముందు ఆ పుస్తకం తెరవమని అడగండి.